గుర్రపు బండిలో ఆగని గడియారం

నిన్న సాయంత్రం లండన్‌లో పాత గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర, విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు ప్రయాణ గడియారాన్ని విప్పి ఉండగా చూశాను. ఇంకా ఆ మైకంలోనే ఉన్నాను.

గుర్రపు బండి కుదుపులకు లోలకం పనిచేయదు కదా, అందుకే పైన గాజు కింద చిన్న బ్యాలెన్స్ చక్రం ఊగుతూ ఉంటుంది. కానీ నన్ను కట్టిపడేసింది లోపలి ఫ్యూజీ. మెలికల గాడి ఉన్న ఇత్తడి శంకువు అది. ఆ గాడిలో చుట్టుకున్న సన్నటి గొలుసును స్ప్రింగు లాగుతుంది. కీ ఇచ్చిన కొత్తలో స్ప్రింగు బలంగా లాగుతుంది, తర్వాత నీరసపడుతుంది. అందుకని బలంగా ఉన్నప్పుడు గొలుసు శంకువు సన్నటి కొసన, నీరసించేకొద్దీ లావు వైపున లాగుతుంది. చక్రాలకు అందే బలం దాదాపు ఒకేలా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు ఇలాంటి గడియారాలను చాలావరకు ఫ్యూజీ లేకుండానే తేలిగ్గా, వేలల్లో చేశారు. ఇంగ్లీషువాళ్లు తక్కువే చేశారు, కానీ బరువుగా, మొండిగా చేశారు. నా మనసు వీటి వైపే.

ఆ గొలుసును భూతద్దంలో చూపించారు. అచ్చం సైకిల్ చైనే, వెడల్పు మాత్రం గడ్డిపోచంత! ఒక్కో లింకుకూ రివిట్. ఇలాంటి గొలుసులకు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని క్రైస్ట్‌చర్చ్ పేరుమోసిన ఊరట. చేసింది ఎక్కువగా ఆడవాళ్లు, చిన్నపిల్లలు. డయల్ మీద గడియారాల దుకాణం యజమాని పేరు అందంగా చెక్కి ఉంటుంది. ఆ పిల్లల పేర్లు ఎక్కడా లేవు.

వచ్చేముందు చెవి ఆనించి విన్నాను. టిక్ టిక్ టిక్, గబగబా, చిన్న పిట్ట గుండెలాగా.