విసనకర్ర పిడి చివర మా ఊరు

2021 నవంబరు పెన్నా వరద తగ్గాక కూడా మా నెల్లూరులో గోడల మీద బురద చార చాలా రోజులు పోలేదు. ఆ నీళ్లు ఏ దారిన వచ్చాయో కళ్లారా చూడాలని అప్పటినుంచీ మనసులో ఉంది. ఒక డిసెంబరులో మూడు రోజులు సెలవు దొరికితే కడప బస్సెక్కాను. అక్కడ బావమరిది ఉన్నాడు, అతని బండి ఉంది.

ముందు గండికోట. ఎర్ర రాళ్ల మధ్య పెన్నా కదలకుండా పచ్చగా ఉంది. కింద జలాశయం కట్టాక లోయలో నీళ్లు నిలుస్తున్నాయి. అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే నేను ఫోనులో పెన్నా పరీవాహక ప్రాంతం మ్యాపు తెరిచాను. బావమరిది తొంగి చూసి, "ఇదేంది బావా, తాటాకు విసనకర్ర మాదిరి ఉంది!" అన్నాడు.

అచ్చంగా అదే. పొడవు 433 కిలోమీటర్లయితే వెడల్పు 266. నంది కొండల వైపు నుంచి పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తరాన్నుంచి కుందూ... విసనకర్ర ఈనెల్లా ఈ నదులన్నీ వచ్చి వచ్చి కడప జిల్లాలోనే కలుస్తాయి. ఆ తర్వాత నల్లమల, వెలికొండల సందుల్లోంచి నెల్లూరు దాకా ఒకటే పిడి. అదే మామిడాకులా సన్నగా సాగిన నది అయితే, కింది వాగుల నీళ్లు పోయాక గానీ పైవి రావు. వరద ఎక్కువ రోజులుంటుంది కానీ అంత ఎత్తు లేవదు. విసనకర్రలో అలా కాదు, అన్నీ ఒకేసారి పిడి దగ్గరకొస్తే తోపులాటే.

మరి ఏటా ఎందుకు మునగం? విసనకర్ర అంచు చాలావరకు అనంతపురం వైపు వాననీడలో ఉంది. అక్కడ పడే కాస్త వానను చెరువులే తాగేస్తాయి. అన్ని ఈనెలూ కలిసి తడవడం అరుదు.

పుష్పగిరిలో గుడి గోడల మీది శిల్పాలు చూస్తూ అనుకున్నదానికంటే ఎక్కువసేపే కూర్చున్నాం. మర్నాడు రాజంపేట మీదుగా, చెయ్యేరు మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టుకు.

నేను చూడాలనుకున్నది ఇదే. చెయ్యేరు పొట్టి ఈనె, అదీ దాదాపు పిడిలోనే దిగిన ఈనె. శేషాచలం వైపు వాలు మీద నుంచి వస్తుంది, సోమశిల డ్యాముకు కాస్త పైన పెన్నాలో కలుస్తుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పైన పింఛ ప్రాజెక్టు నుంచి వచ్చిన వరద కూడా తోడై ఇక్కడి మట్టికట్ట కొట్టుకుపోయింది. గేట్ల కాంక్రీటు మాత్రం అలాగే నిలబడి ఉంది. ఏరు గేట్లను వదిలేసి పక్కనుంచి పోతోంది. తెగిన కట్ట అంచు దగ్గరకెళ్లి చూస్తే, కోసిన మైసూర్‌పాకులా పొరలు పొరలుగా మట్టి, రాళ్లు, మధ్యలో మొలిచిన గడ్డి. ఇక్కడి నుంచి మాకు మధ్యలో సోమశిల ఒక్కటే పెద్ద అడ్డం. అప్పటికే నిండుగా ఉన్న సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. నెల్లూరు పక్కనే పడుగుపాడులో రైలు పట్టాలు లేచిపోయాయి, హైవే తెగింది.

గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన మా పక్కన నిలబడ్డాడు. "పెన్నేరు వచ్చేటప్పుడు పైనూళ్లోళ్లు చెప్తారు సామీ, టైముంటాది. చెయ్యేరు అట్ల కాదు. వాన పడిందంటే వచ్చాది."

రాత్రి అమ్మ ఫోను చేసింది. "పైన వానలేమన్నా ఉన్నాయా?"

"ఏ పైనమ్మా?" అన్నాను.