ఎడమ పెట్టె, కుడి పెట్టె

ఆదివారం. మొహమైనా కడుక్కోకుండా నేరుగా బల్ల దగ్గరికి వెళ్లాను. రాత్రి పాత స్పీకరు కోనుకి, అంటే ముందు ఊగే కాగితం గరాటుకి, అంటించిన కొత్త ఫోము రింగు పట్టిందో లేదో గోటితో మెల్లగా ఎత్తి చూస్తే, పట్టింది. చుట్టూ ఎక్కడా బుడగ లేదు. ఇక దాని బయటి అంచుని ఊఫరు (పెట్టెలో కింది స్వరాలు పలికే పెద్ద స్పీకరు) ఇనప చట్రానికి అంటించాలి. అసలు కష్టం అక్కడే ఉంది.

ఈ స్పీకర్ల జత నా చేతికొచ్చి రెండు నెలలైంది. ముందు గుడ్డ మీద పేరు బిళ్ల ఊడిపోయి రెండు చిన్న బెజ్జాలు మిగిలాయి. వెనక చీటీని ఎవరో పీకేస్తే ఓ మూల ‘8 ఓం’ అన్న ముక్క మాత్రం చెక్కకి కరుచుకుని ఉంది. వచ్చిన రోజే గుడ్డ ఊడదీసి ఊఫరు అంచుని వేలితో తాకాను. తాకినంత మేర నల్లగా, జిగటగా వేలికి అంటుకుంది. మిగతాది పొడిపొడిగా ఒళ్లో రాలింది. “నాన్నా, ఎలక కొరికిందా?” అంది మా అమ్మాయి. ఎలక పాపం ఏమీ చెయ్యలేదు. పాలీయురేతేన్ ఫోము గాల్లోని తేమకి తనంతట తనే శిథిలమైపోతుంది. పాట వేసినా, వెయ్యకుండా దాచిపెట్టినా పదిహేను ఇరవై ఏళ్లకి దాని పని అయిపోతుంది. అంతకన్నా పాత స్పీకర్లలో రబ్బరు అంచులు, పూత పూసిన గుడ్డ అంచులు ఇప్పటికీ నిక్షేపంలా ఉంటాయి. కాబట్టి పాత పెట్టె కనబడితే నేను ముందు చూసేది పేరు కాదు, ఆ అంచు దేనితో చేశారన్నది.

పేరు లేకపోతేనేం, ఊఫరు విప్పి అయస్కాంతం వెనక తుడిస్తే అంకెలు బయటపడ్డాయి: 137632. అమెరికన్ స్పీకర్లకి ఇదో సదుపాయం. మొదటి మూడంకెలు తయారుచేసినవాళ్ల గుర్తు. 220 అయితే జెన్సెన్, 137 అయితే సీటీఎస్. తర్వాత ఏడాది, చివరి రెండూ ఆ ఏడాదిలో వారం. చిక్కల్లా ఏడాదికి ఒక్కోసారి ఒక్క అంకే వేస్తారు. 6 అంటే 1956 కావచ్చు, 66 కావచ్చు, 76 కావచ్చు. ఫోము అంచు, వెనక బిస్కెట్టులా బల్లపరుపుగా ఉన్న ఫెర్రైటు అయస్కాంతం, రెండూ కలిపి చూసుకుని 1976 అని ఖాయం చేసుకున్నాను. ముప్పై రెండో వారమంటే ఆగస్టు. అయినా ఇది ఊఫరు పుట్టినరోజే గాని స్పీకరుది కాదు. సీటీఎస్ వాళ్లు ఎందరికో విడి భాగాలు చేసిచ్చారు. ఈ చెక్కపెట్టె ఎవరు కట్టారో ఆ అంకెలు చెప్పవు.

ఎడమ ట్వీటరు (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) మీద 137628 ఉంది. ఊఫరుకంటే నాలుగు వారాలు పెద్దది, బాగుంది. కుడి ట్వీటరు మీద 1377914. ఏడంకెలు కాబట్టి ఇక్కడ అనుమానమే లేదు: 1979, పద్నాలుగో వారం. దాని మరలు వేరు, తీగ దగ్గర టంకం మినప్పప్పంత ముద్దగా ఉంది. ఎప్పుడో ఎవరో మార్చారన్నమాట. జత కుదరలేదని మొదట మనసు చివుక్కుమంది. తర్వాత మల్టీమీటరు పెట్టి చూస్తే రెండు ట్వీటర్ల కొలతలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. మార్చినవాడెవడో గాని అదే రకం వెతికి పట్టుకున్నాడు. టంకం పెట్టడమే రాదు.

ఎడమ పెట్టె పని పోయిన ఆదివారం పూర్తిచేశాను. ఈవేళ కుడిది.

ఫోము అంటించడం కన్నా పాత జిగురు వదిలించడమే పెద్ద పని. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూది ఓ నిమిషం అలా ఉంచి, మొండి కత్తితో కాగితం కోను వెనక నుంచి పొరలు పొరలుగా తియ్యాలి. తొందరపడితే జిగురుతోపాటు కోనూ వస్తుంది. అది రెండు సాయంత్రాలు తింది. ఈ పూట చట్రానికి తెల్ల జిగురు సన్నటి గీతలా పూసి, అంచుని దింపి, కోనుని నడిమధ్యకి తేవాలి. నడిమధ్య అంటే నిజంగా నడిమధ్యే. కోను మెడకి చుట్టిన తీగచుట్ట అయస్కాంతం సందులో ఆడుతుంది. చుట్టకీ లోహానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో ఓ చిన్న వంతు. చుట్టలో కరెంటు, చుట్టూ అయస్కాంతం, ముందు కాగితం. రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో చూపించిన ఏర్పాటు, ఇవాళ కొత్తగా కొనే స్పీకర్లలోనూ దాదాపు అదే. ఆ సందులో ఇసుక రేణువంత చెత్త పడ్డా గరగర మొదలవుతుంది.

కొందరు కోను మధ్యనున్న టోపీ కోసి తీసి, సందులో ప్లాస్టిక్ చీలికలు దోపి సరిచేస్తారు. పద్ధతిగా చెయ్యాలంటే అదే నమ్మకం. కాని నాకు ఆ టోపీ కొయ్యడానికి చేతులు రావు. యాంప్లిఫయరు నుంచి 30 హెర్ట్జ్ ధ్వని చాలా తక్కువగా పంపి, కోను మెల్లగా లోపలికీ బయటికీ ఊగుతుండగా జిగురు ఆరేలోపు వేళ్లతో చుట్టూ సర్దుతాను. రెండో విధానానికి చెవి కావాలి. ఎడమది మొదటిసారికే కుదిరిందన్న గర్వంతో ఇవాళ కుడిదాన్ని అంత పట్టించుకోలేదు. పావుగంట తర్వాత చెవి ఆనించి వింటే ‘ఊఁ’ అన్న మూలుగు కింద సన్నగా ‘కిర్ కిర్’. ఎక్కడో రాసుకుంటోంది. గుండె జారింది. తెల్ల జిగురు కాబట్టి సరిపోయింది, ఇంకా పచ్చిగానే ఉంది. ఓ పక్క అంచు ఎత్తి, కోనుని వెంట్రుకవాసి ఇటు జరిపాను. కిరకిర పోయింది. మళ్లీ వస్తుందేమోనని అరగంటసేపు కుర్చీలోంచి లేవలేదు. వంటింట్లోంచి “ఏవండీ, ఆ మూలుగు ఎవరిది?” అని రెండుసార్లు వినబడింది.

ఓ మాట ఇక్కడే రాసిపెట్టుకోవాలి. ఊఫరు దగ్గర ఇనప స్క్రూడ్రైవరు పట్టుకునేటప్పుడు రెండో అరచెయ్యి కోనుకి అడ్డం ఉండాలి. అయస్కాంతం దాన్ని చేతిలోంచి ఎప్పుడు గుంజుకుంటుందో తెలియదు. మూడేళ్ల కిందట అలా ఓ కోనుకి నిలువునా చిల్లు పెట్టాను. టీ సంచి కాగితం, జిగురు పెట్టి అతికిస్తే బాగానే మోగింది గాని, ఆ మచ్చ చూసినప్పుడల్లా చెయ్యి దానంతట అదే అడ్డం వెళ్తుంది.

మధ్యాహ్నం నిద్రపోయే అలవాటున్నా పట్టలేదు. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వాలని నాకూ తెలుసు. నాలుగింటికల్లా ఊఫరు పెట్టెలో పెట్టేశాను. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ప్లస్సుని ప్లస్సుకి తాకిస్తే కోను ముందుకి వచ్చింది, దిక్కు సరిగ్గా ఉంది. (పాత జేబీఎల్ స్పీకర్లలో ఇదే పరీక్షకి కోను వెనక్కి పోతుంది. అది లోపం కాదు, వాళ్ల పాత లెక్క అంతే. తెలియక తీగలు తారుమారు చేసినవాళ్లున్నారు.)

ఇవి గాలి చొరకుండా మూసిన పెట్టెలు. 1954లో ఎడ్గర్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ తరఫున ఏఆర్-1 తెచ్చేదాకా బాగా లోతైన బేస్ కావాలంటే బీరువాంత పెట్టె కావాలనుకునేవాళ్లు. ఆయన కోనుని వదులుగా వేలాడదీసి, పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. అందుకని ఈ రకం పెట్టెలకి ఓ సులువైన పరీక్ష ఉంది. నాలుగు వేళ్లతో కోనుని సమంగా లోపలికి నొక్కి వదిలితే, అది బద్ధకంగా, ఆలోచించుకుంటూ వెనక్కి రావాలి. ఎడమది అలాగే వచ్చింది. కుడిది టక్కున వచ్చేసింది. ఎక్కడో గాలి పోతోంది. ఊఫరు చుట్టూ ఉన్న మెత్తటి పట్టీ బాగానే ఉంది. పెట్టె తిప్పి, వెనక తీగలు తగిలించే పలక చుట్టూ తడి వేలు తిప్పుతూ, అమ్మాయిని ముందు కోను నొక్కమన్నాను. ఓ మరబెజ్జం దగ్గర వేలికి చల్లగా తగిలింది. నాలుగు మరలుండాల్సిన చోట మూడే ఉన్నాయి! ఎన్నేళ్లుగా ఆ బెజ్జంలోంచి ఈలేస్తోందో. మైనం లాంటి పుట్టీ ఉండ చేసి నొక్కాక కోను బద్ధకంగా లేవడం మొదలుపెట్టింది. అమ్మాయికి అది తెగ నచ్చి పదిసార్లు నొక్కింది. చాలని ఆపించాను.

సాయంత్రం మోనో మీట నొక్కి, ఎక్కువ వాయిద్యాలు లేని ఓ పాత గాత్రం రికార్డు వేశాను. బ్యాలెన్సు నాబ్ ఓసారి ఎడమకి, ఓసారి కుడికి. ట్వీటరుకి పై స్వరాలు మాత్రమే వదిలే కెపాసిటరుని ఎడమ పెట్టెలో పోయినవారమే మార్చాను. కుడిదానికి ఇంకా పాతదే. తేడా వినాలనే కుడిదాన్ని అలా ఉంచాను.

ఎడమ వైపు గొంతు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది. ‘స’ పలికినప్పుడు నాలుక పళ్లకి తగలడం తెలుస్తోంది. కుడికి తిప్పగానే అదే గొంతు పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఘోరంగా ఏమీ లేదు. మెత్తగా, నునుపుగా ఉంది. నాకు నవ్వు కూడా వచ్చింది. రెండు నెలల కిందట ఫోము చిరిగి ఉన్నా ఉండబట్టలేక చిన్నగా వేసి విన్న రోజు, ఈ కుడి పెట్టెకి చెవి ఆనించి ఇంట్లోవాళ్లందరినీ పిలిచాను. “ఆ మెత్తదనం చూశారా! పాత స్పీకర్ల సొగసే వేరు. ఎడమది కాస్త గరుకు” అని తీర్పు కూడా ఇచ్చాను.

పెట్టె తెరిచి, గ్లాసు వూలు దురద పెట్టకుండా చేతులకి తొడుగులేసుకుని, కెపాసిటరు ఒక కాలు విడదీసి మీటరు పెట్టాను. ఒంటి మీద 4 మైక్రోఫారడ్లు అని రాసుంది, కొలిస్తే 5.3. అది పెరిగిన బలం కాదు, లోపల కరెంటు కారుతున్న కెపాసిటరు మీటరుతో ఆడే అబద్ధం. అసలు గుట్టు లోపలి నిరోధంలో ఉంది. ఒక ఓంకి లోపుండాల్సింది మూడు దాటింది. లోపలి తడి రసాయనం, అదే ఎలక్ట్రోలైటు, ఎండేకొద్దీ ట్వీటరు దారిలో కనబడని ఓ రెసిస్టరు పెరుగుతూ వచ్చిందన్నమాట. నేను సొగసు అని పిలిచింది ఆ మూడు ఓంలనే. పాత స్పీకర్ల వెచ్చదనం గురించి వినబడే పొగడ్తల్లో ఇలాంటి ఓంలు ఎన్ని కలిసి ఉంటాయో.

అలాగని కొత్తది పెట్టడమూ పూర్తిగా నిజాయితీ అనలేను. నేను వేసిన ఫిల్ము (తడి లేని ప్లాస్టిక్ పొరల) కెపాసిటరులో నిరోధం దాదాపు సున్నా. 1976లో ఈ పెట్టెని చెవితో సరిచూసుకున్నవాళ్ల ముందు ఉన్నది ఇంకా ఎండని కొత్త ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు. అందులోనూ కొంత నిరోధం ఉండే ఉంటుంది, దాన్ని కలుపుకునే వాళ్లు లెక్క వేసుకుని ఉంటారు. అంటే ఎడమ పెట్టె వాళ్లు విన్నదానికన్నా ఓ పిసరు పదును. కుడిది, పాత కెపాసిటరుతో, వాళ్లు విన్నదానికన్నా బాగా మొద్దు. మధ్యలో ఎక్కడో ఉంది అసలుది. వెనక ట్వీటరు నాబ్ ఉంది కాబట్టి కాస్త నయం. అది కూడా తుప్పుపట్టి చిటపటలాడితే పోయినవారం క్లీనరు కొట్టి యాభైసార్లు తిప్పాల్సి వచ్చింది.

కుడిదానికీ కొత్తది వేశాను. 79 ట్వీటరు కాస్త చురుకని తేలింది. దాని నాబ్ గీతకి సగం తగ్గిస్తే గొంతు రెండు పెట్టెల నడుమ గాల్లో నిలబడింది. పెట్టెల్ని గోడ నుంచి రెండు జానలు ముందుకి లాగాక కింది స్వరాల్లోని బోలుతనం కూడా పోయింది. తర్వాత వయొలిన్ వేశాను. కమాను తీగ మీద ఆనే క్షణం, ఇంకా స్వరం పుట్టకముందు వచ్చే ఆ చిన్న గీకుడు, నా కొత్త స్పీకర్లలోనూ వినబడుతుంది. ఇందులో మాత్రం దాని వెనక చెక్క కూడా వినబడింది. దీనికి కారణం ఏ మీటరుతో కొలవాలో నాకు తెలియదు. కాగితం కోను అనో, పెట్టె పలకల సన్నటి వణుకు అనో ఏదో చెప్పుకోవచ్చు. ఎండిపోయిన కెపాసిటరు మాత్రం కాదు, అది ఇప్పుడు నా చేతిలో ఉంది.

పాతవాటిని పారెయ్యను. చిన్న కవరులో వేసి, ఏది ఏ పెట్టెదో, ఎప్పుడు మార్చానో రాసి, లోపలి గోడకి అంటించి మూసేస్తాను. రేపెవరైనా విప్పితే నాలా అంకెలు పట్టుకుని తిప్పలు పడక్కర్లేదు.

పడుకునే ముందు ఆవిడ వచ్చి ఓ పాట మొత్తం నిలబడే వింది. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

“కుడిదేనా మీరు ఆ రోజు పిలిచి వినిపించింది?”

“అదే.”

“అప్పుడే బాగుండేదండీ. చెవికి హాయిగా ఉండేది.”

ఎడమ ఊఫరు మరలు ఎనిమిదీ బిగించేశాను. కుడిదానికి నాలుగే పెట్టాను. మిగతా నాలుగూ పళ్లెంలోనే ఉన్నాయి, కవరు పక్కన.