పైకప్పున్న వంతెనలు

మా నాయన వడ్రంగి. అనంతపురం దగ్గర పల్లెలో నలభై ఏళ్లు తలుపులు, కిటికీలు, ఎడ్లబండ్లు చేశాడు. పోయిన అక్టోబరులో మా దగ్గరికి, అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చాడు. మేముండే డెమోయిన్ నగరంలో మాల్స్ తిప్పితే రెండో రోజుకే విసుగొచ్చింది ఆయనకి. "యాడన్నా మంచి చెక్కపని ఉంటే చూపించురా" అన్నాడు. ఆ ఆదివారమే పాత చెక్క వంతెనలుండే మాడిసన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) బయల్దేరాం.

డెమోయిన్ నుంచి నైరుతిగా 35 మైళ్లు పోతే వింటర్‌సెట్. ఆ కౌంటీకి ముఖ్యపట్టణం అదే. ఊరు దాటితే కంకర రోడ్లు, కోతకొచ్చిన మొక్కజొన్న చేలు. ఇక్కడి ఏళ్ల మీద, వాగుల మీద ఒకప్పుడు పైకప్పున్న చెక్క వంతెనలు 19 ఉండేవట. ఇప్పుడు 6 ఉన్నాయి. వాటిలో 5 పాతవి, దేశమంతటి చారిత్రక కట్టడాలను నమోదు చేసే నేషనల్ రిజిస్టర్‌లోకి 1970లలోనే ఎక్కాయి. ఆరో దాని కథ వేరు.

ముందు సెయింట్ చార్లెస్ అనే చిన్న ఊరి పక్కన ఐమ్స్ వంతెన చూశాం. 1870 నాటిది. 1887లో ఒకసారి, 1977లో ఇంకోసారి చోటు మారింది. వంతెనను ఊడదీసి ఇంకోచోట పెట్టారంటే నాకు వింతగా అనిపించింది. మా నాయనకి అనిపించలేదు. "చెక్కది కదా, ఎందుకు కుదరదు?" అన్నాడు.

ఎక్కువసేపు నిలబడింది మాత్రం రోజ్‌మన్ వంతెన దగ్గర. 1883లో బెంటన్ జోన్స్ అనే ఆయన కట్టాడు. పొడవు 107 అడుగులు, కింద మిడిల్ రివర్. బయట ఎర్ర రంగు. లోపలికి అడుగుపెడితే ఒక్కసారిగా చల్లగా, చీకటిగా ఉంది. పలకల సందుల్లోంచి ఎండ సన్నటి గీతల్లా నేల మీద పడుతోంది. చెక్కల నిండా ఏళ్లతరబడి వచ్చినవాళ్లు రాసిపోయిన పేర్లు.

నాయన పేర్లు చూడలేదు. పక్కగోడలో ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే చెక్కల మీద అరచెయ్యి పెట్టి, ఒక్కో కూడలి దగ్గరా ఆగుతూ చివరిదాకా నడిచాడు. "ఇది తడికెరా! బరువంతా ఒక దూలం మీద పడకుండా అన్నిటికీ పంచినాడు" అన్నాడు. నిజంగా ఆ పద్ధతి రహస్యం అదే. ఇథియెల్ టౌన్ అనే అమెరికన్ 1820లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. భారీ దూలాలు అక్కర్లేదు, మామూలు పలకలతో ఊరి వడ్రంగులే కట్టుకోవచ్చు. ఆ పేటెంట్ సంగతి నేను ఫోన్‌లో చదివి చెప్పేలోపే మా నాయన చేత్తో తడిమి తెలుసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే ఎంత గర్వంగా అనిపించిందో!

పైకప్పు ఎందుకంటే, నేల పలకల కోసం. వానకీ మంచుకీ నేల పాడైతే మార్చడం బాగా ఖర్చు. కప్పు చెక్కలు చవక. అందుకే ఖరీదైనదాన్ని కాపాడటానికి చవకది పైన కప్పారు.

ఈ వంతెనకి ఒక దయ్యం కథ కూడా ఉంది. 1892లో జైలు నుంచి పారిపోయినవాడిని రెండు వైపుల నుంచీ చుట్టుముడితే, పెద్దగా కేకపెట్టి కప్పు చీల్చుకుని పైకెగిరి మాయమయ్యాడట. నాయన మెడ పైకెత్తి కప్పంతా వెతికాడు.

హాలివెల్, హాగ్‌బ్యాక్ కూడా చూశాం. వింటర్‌సెట్‌లో కాఫీకి ఆగినప్పుడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు మీదున్న పార్కు కనిపించింది. వేరుశెనగతో వందల రకాల వస్తువులు చేయొచ్చని చూపించిన శాస్త్రవేత్త. చదువుకోవడానికి తోవ వెతుక్కుంటూ ఈ ఊళ్లో కొన్నాళ్లున్నాడు. ఇక్కడి దంపతులు వెన్నుతట్టి పంపితే 1890లో ఇండియనోలా అనే ఊళ్లోని కాలేజీలో చేరాడు. బుడ్డలు పండించే సీమ నుంచి వచ్చినవాళ్లం, దండం పెట్టుకుని కదిలాం.

ఆఖరుకి సీడార్ వంతెన. ఇది కూడా 1883లో కట్టిందే. 2002లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. 2004కల్లా మళ్లీ కట్టారు. 2017లో మళ్లీ తగలబెట్టారు. 2019లో మళ్లీ లేపారు, పాత నమూనాలోనే.

"ఇది పాత వంతెన కాదు కదా నాయనా, దీన్ని చూడ్డమెందుకు?" అన్నాను. నాకు నిజంగా మనసు కష్టంగా ఉంది, దాదాపు నూట ఇరవై ఏళ్లు నిలబడిన వంతెన అయితే దాన్ని ఒక్క రాత్రిలో బూడిద చేశారని.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగాడు: "మనూరి తేరు ఎన్నేళ్లదిరా?"

"తాతల కాలంది."

"చక్రాలు నేనే రెండుసార్లు మార్చినా. ఇరుసు మా నాయన మార్చినాడు. పాత కొలతే, కొత్త కట్టె. అయినా ఊళ్లో ఎవురన్నా కొత్త తేరంటారా?"

నేనేమీ అనలేకపోయాను. ఆయన వంగి కొత్త చెక్కని ముక్కుకి దగ్గరగా వాసన చూశాడు, వేలి కణుపుతో తట్టి విన్నాడు. తరవాత నా ఫోన్ తీసుకుని, ఊళ్లో తన దగ్గర పని నేర్చుకున్న అబ్బాయికి వాయిస్ మెసేజ్ పెట్టాడు:

"ఒరే, పైన కప్పుండే బ్రిడ్జిలో నిలబడినా. పక్కలకంతా తడికె మాదిరి పని. కాగితం తీసుకో, నేను అడుగులతో కొలిచి చెప్తా, రాసుకో..."

ఈ చివర మడమ ఆనించి, అడుగు వెనక అడుగు వేస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.