తేడా ఆలోచనలు

మొన్న శ్రావణంలో మా అక్కా వాళ్ళు రాజమండ్రిలో కొత్త ఫ్లాట్‌లోకి మారారు. పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు, నేను హైదరాబాద్ నుంచి ముందురోజు రాత్రి గౌతమి ఎక్కి వెళ్ళా. వ్రతంలో నాలుగో కథ నడుస్తోంది, షావుకారు ఓడ నిండా సొమ్ముతో ఇంటికెళ్తుంటే స్వామి సన్యాసి వేషంలో వచ్చి ఓడలో ఏముందయ్యా అంటాడు, వీడెవడో దోచుకోడానికొచ్చాడని ఈయన ఆకులూ అలములే అంటాడు, సరే అలాగే అవుగాక అని ఆయన వెళ్ళిపోతాడు, సొమ్మంతా ఆకులైపోతుంది. పంతులుగారు ఇక్కడిదాకా వచ్చేసరికి మా అక్క కూతురు, తొమ్మిదేళ్ళు దానికి, గట్టిగా అడిగేసింది. "ఆకులు తేలిక కదా, మరి ఓడ పైకి లేచిపోయుంటుంది కదా?"

ఒకళ్ళిద్దరు నవ్వారు. పీటల మీదున్న అక్క వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. నా పక్కన కూర్చున్న బంధువొకావిడ మాత్రం, పిల్లకి వినపడేంత గట్టిగానే, "ఏంటే ఈ పిల్ల, తేడాగా ఉందే" అంది. అది ఇంక నోరెత్తలేదు, ప్రసాదం కూడా సరిగ్గా తినలేదు, బాల్కనీలో పాత అట్టపెట్టెల మధ్య కూర్చుండిపోయింది.

భోజనాలయ్యాక నేను ఆ వ్రతకథ పుస్తకం తీసి శ్లోకాలు చూశా. సన్యాసి వెళ్ళాక షావుకారు "ఉత్థితాం తరణీం దృష్ట్వా" ఆశ్చర్యపోయాడని ఉంది. అంటే పైకి లేచిన ఓడని చూసి. అసలు కథ రాసినాయనకి కూడా ఆ పిల్లకి తట్టినదే తట్టిందన్నమాట, బరువు తగ్గితే ఓడ తేలుతుందని. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఎన్ని వ్రతాలు జరిగాయో, ఎంతమందిమి ఆ కథ విన్నామో, ఒక్కళ్ళం ఆ ఓడని కళ్ళతో చూడలేదు, అది చూసింది. పుస్తకం పట్టుకెళ్ళి దానికి చూపించా. వేలు పెట్టి ఆ లైను చూసుకుంది, కానీ అప్పటికే తగలాల్సింది తగిలింది, "అయినా నేను తేడానా మావయ్యా" అనడిగింది.

ఈ మాట నాకు చాలా పాత మాట. తేడా అంటే డిఫరెన్సే కదా, లెక్కల్లో తీసివేత చేస్తే వచ్చేది, అది మనుషుల మీదికి ఎప్పుడొచ్చిందో గానీ వచ్చాక మాత్రం తిట్టయి కూర్చుంది. చిన్నప్పుడు నన్నూ అన్నారు. కొవ్వూరు వెళ్ళేటప్పుడు మేం 1974 నాటి రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి మీద వెళ్ళేవాళ్ళం, పైన బస్సులు కింద రైళ్ళు, రైలైతే అమ్మ కొంగుముడి విప్పి తలో రూపాయి బిళ్ళ ఇచ్చేది గోదారమ్మకి వెయ్యమని. అందరూ వేసి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. నాకేమో అడుగున ఇప్పటికెన్ని ఉండుంటాయి, వరదొచ్చినప్పుడు సముద్రందాకా దొర్లుకుంటూ పోతాయా, అయస్కాంతం కట్టి లాగితే ఎన్నొస్తాయి అనుండేది. ఇప్పటి రూపాయి బిళ్ళ స్టీలుది కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటుంది, మా తాత దాచుకున్న పాత రూపాయి రాగీ నికెలూ కలిపింది, అంటుకోదు. ఇది నేను ఇంట్లో ఫ్రిజ్ స్టిక్కర్ పీకి పరీక్ష పెట్టి మరీ కనుక్కున్నా, చెప్తే "పూజ చేసుకునే బిళ్ళలతో ఇదేం బుద్ధిరా" అన్నారు.

ఇవి నయం, పైకి చెప్పగలిగేవి. చెప్పలేనివి వేరే ఉంటాయి. అసలు నేను ఈ పోస్టు రాస్తోంది వాటికోసం.

ఎనిమిదో తరగతి సెలవుల్లో తిరుమల వెళ్ళాం. గంటలకొద్దీ కంపార్ట్‌మెంట్లలో కూర్చుని, గోవిందా గోవిందా అనుకుంటూ జరిగి జరిగి, సరిగ్గా స్వామి ఎదురుగా వచ్చిన ఆ రెండు క్షణాల్లో నా తలలోకి ఒక బూతుమాట వచ్చింది. నేను ఎప్పుడూ నోటితో అనని మాట. దణ్ణం కూడా పెట్టలేదు, ఈలోపు జరగండి జరగండి అని తోసేశారు. కొండ దిగేదాకా ఎవరితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంట్లో దీపం చూసినా, రోడ్డు మీద గుడి కనిపించినా అదే మాట. వచ్చినప్పుడల్లా లెంపలేసుకునేవాణ్ణి, పదకొండుసార్లు, మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచి. స్కూలుకెళ్ళే దారిలో ఆంజనేయస్వామి గుడుందని రెండు సందులు చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. ఇలా ఒక ఏడాది పాటు నేను మంచివాణ్ణి కాదు, బయటికి మంచివాడిలా కనిపిస్తున్నానంతే అని గట్టిగా నమ్మి బతికా, పదమూడేళ్ళ పిల్లాడికి అది ఎంత బరువో ఇప్పుడు తల్చుకుంటే గుండె కలుక్కుమంటుంది.

కనిపెట్టింది అమ్మమ్మ. వేసవికి ఊరెళ్ళినప్పుడు "బుగ్గలేంట్రా అలా కందిపోయాయి" అని అడిగింది, రెండు మూడు రోజులు దాటేశా, ఒక రాత్రి డాబా మీద మంచాలేసుకుని పడుకున్నప్పుడు చీకట్లో మొహం కనపడదు కదా అని మొత్తం చెప్పేశా. తిడుతుందనుకున్నా. చాలాసేపు ఏం అనలేదు. తర్వాత చెప్పింది.

పెద్దమావయ్య మూడో నెల పిల్లాడప్పుడు వాణ్ణి చంకనేసుకుని నూతి దగ్గరికెళ్ళిందట. చేద వేసి వంగి చూసేసరికి, వీణ్ణి ఇందులో వేసేస్తే అనిపించిందట. ఒళ్ళంతా చెమటలు పట్టి చేద అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. నెల రోజులు నూతి వైపు వెళ్ళలేదు, నీళ్ళు తోడ్డానికి బద్ధకమని అత్తగారు పనిదొంగ అని పేరు పెట్టింది, పడింది గానీ ఎందుకు వెళ్ళట్లేదో చెప్పలేదు. "మీ తాతకీ చెప్పలేదురా. ఇదిగో ఇన్నేళ్ళకి నీకే చెప్పడం. వేశానేంట్రా వాణ్ణి? వాడికి పులిపిరొచ్చినా నాకు నిద్రపట్టేది కాదు" అంది. ఆ ఒక్క రాత్రితో నాకు ఆ మాట పూర్తిగా పోయిందని చెప్పను, వచ్చేది, కానీ వచ్చినా నేను చుట్టు తిరగడం మానేశా, గుడి ముందునుంచే వెళ్ళేవాణ్ణి, మెల్లగా అదే పల్చబడింది.

చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగంలో పడ్డాక దీని గురించి చదివా, చదివినకొద్దీ అమ్మమ్మకి చూపించాలనిపించింది, ఆవిడ లేదు అప్పటికి. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది మాక్కూడా ఇలాంటి పిలవని ఆలోచనలొస్తాయన్నారు. 2014లో ఆరు ఖండాల్లో 13 దేశాల యూనివర్సిటీ స్టూడెంట్స్ 777 మందిని అడిగారు, గత మూడు నెలల్లో ఒక్కటైనా వచ్చిందన్నవాళ్ళు దాదాపు 94 శాతం. కెనడాలో 2008లో వచ్చిన ఒక స్టడీ బాలింతల మీద, పసిబిడ్డకి తామే కావాలని హాని చేస్తున్నట్టు ఆలోచన వచ్చిందన్నవాళ్ళు సుమారు సగం మంది, అది చదివినప్పుడు నేను ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నా, లేచి మెట్ల దగ్గరికెళ్ళి కాసేపు నిలబడ్డా. నూతి గట్టు మీద మా అమ్మమ్మ ఒక్కతే కాదు, ఊరూరా నూతి దగ్గర సగం మంది తల్లులు అదే భయంతో చేద వదిలేసి వచ్చుంటారేమో, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదంతే.

ఎత్తు మీద నిలబడితే దూకాలనిపించడం కూడా అంతే. 2012లో అమెరికాలో 431 మంది స్టూడెంట్స్‌ని అడిగితే, జీవితంలో ఎప్పుడూ చావాలనుకోనివాళ్ళలో కూడా సగం మందికి పైగా ఆ అనుభవం ఉంది. ఆ స్టడీ చేసినవాళ్ళు ఇచ్చిన వివరణ నాకు నచ్చింది. ఒళ్ళు ప్రమాదం పసిగట్టి ముందే వెనక్కి లాగుతుంది, ఎందుకు లాగిందా అని బుర్ర తర్వాత కారణం వెతుక్కుని, నేను దూకబోయానేమో అనుకుంటుంది.

ఇంక నా లెంపల సంగతి. డేనియల్ వెగ్నర్ అనే ఆయన 1987లో ఒక ప్రయోగం చేశాడు, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దు, వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా అలా ఆపుకున్నవాళ్ళకి తర్వాత ఆలోచించొచ్చు అని చెప్తే ఇంకా ఎక్కువొచ్చింది. నేను పదకొండు లెంపలేసుకున్న ప్రతిసారీ ఆ మాటని పదకొండుసార్లు పేరు పెట్టి పిలిచినట్టే అయ్యిందన్నమాట.

ఇక్కడొక విషయం తేలిగ్గా దాటెయ్యలేను. ఆలోచన రావడం అందరికీ ఉంది గానీ, దాన్ని కడుక్కోవడానికి రోజులో గంటలు పోతుంటే, దారులు మారుతుంటే, నిద్ర లేకుండా పోతుంటే అది ఓసీడీ, అంటే అదే ఆలోచన వదలకుండా వచ్చి, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక సమస్య కావచ్చు, దానికి వైద్యం ఉంది, మనిషి చెడ్డవాడని కాదు. చచ్చిపోవాలని నిజంగానే అనిపిస్తుంటే అది నేను పైన చెప్పిన ఎత్తు మీద నిలబడ్డప్పటి అనుభవం కాదు, వేరే, దాచుకోవద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. బాలింత ఏదైనా చెప్పబోతే మాత్రం దయచేసి "ఛీ అవేం మాటలు" అనకండి, పూర్తిగా వినండి, భయం తగ్గకపోతే, ఉన్నవీ లేనివీ కలిసిపోతున్నట్టుంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

పిల్లల ప్రశ్నల్ని సమర్థించాలంటే మనవాళ్ళు వెంటనే సైంటిస్టుల పేర్లు తీస్తారు. వైజాగ్‌లో స్కూలు చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడలో వస్తూ సముద్రం నీలంగా ఎందుకుందని మళ్ళీ అడిగాడు, ఆకాశం ప్రతిబింబమని అప్పటికే పెద్దవాళ్ళు తేల్చేసిన ప్రశ్న అది, చేతిలో నికోల్ ప్రిజమ్ అనే స్ఫటికంతో నీళ్ళ మీద పడే ఆ ప్రతిబింబపు మెరుపుని అడ్డుకుని చూస్తే నీలం అలాగే ఉంది. అక్కణ్ణుంచి 1928లో రామన్ ఎఫెక్ట్‌కీ, 1930 నోబెల్‌కీ దారి పడింది. గొప్ప సంగతే. కానీ మా పిల్ల ఓడ ప్రశ్నకి నోబెల్ రావాలా ఏంటి, దేనికీ పనికిరాకపోయినా దాన్ని అడగనివ్వాలి, చెప్పుకోనివ్వాలి. ఎందుకంటే ఇవాళ ఓడ గురించి అడిగితే "తేడా" అనిపించుకున్న పిల్ల, రేపు తలలోకి ఏదైనా భయంకరమైన మాటొస్తే ఎవరి దగ్గరికొస్తుంది? నాకున్న భయం అదొక్కటే.

అందుకే ఆరోజు బాల్కనీలో అట్టపెట్టెల మధ్య దాని పక్కన కూర్చుని తిరుమల సంగతి చెప్పా, బూతుమాట ఏంటో మాత్రం చెప్పలేదు, అది ఎంత అడిగినా. లెంపల సంగతి చెప్పా. నూతి సంగతి ఇంకొంచెం పెద్దయ్యాక చెప్తా. మర్నాడు సాయంత్రం స్కూటీ మీద పుష్కరఘాట్‌కి తీసుకెళ్ళి, బిళ్ళలు లెక్కపెట్టాలనుకునేవాణ్ణని చెప్పి చేతిలో ఒక రూపాయి పెట్టా. అది వెయ్యకుండా అలాగే పట్టుకుని నీళ్ళ వంక చూస్తూ నిలబడింది.

"మావయ్యా, బిళ్ళ చేతిలోంచి వదిలినప్పుడున్న నీళ్ళు వెళ్ళిపోతాయి కదా, అది మునిగేటప్పటికి వేరే నీళ్ళొస్తాయి. మరి దణ్ణం ఏ నీళ్ళకి పెట్టాలి?"

నాకు తెలీదన్నా. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం, చీకటి పడేదాకా బిళ్ళ దాని చేతిలోనే ఉంది.