అవ్వ జీవితానికి తేదీలు వేసిన కథ

మా అవ్వ సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకి స్టీలు గిన్నెలు పంచే బదులు ఆవిడ గురించి చిన్న పుస్తకం వేసి చేతిలో పెడదామన్నది చిన్నాయన ఆలోచన. రాసే పని నా మీద పడింది. చెన్నైలో పుట్టి పెరిగిన మా తరంలో తెలుగు రాయడం, చదవడం వచ్చింది నాకొక్కదానికే మరి. అదీ చిన్నప్పుడు అవ్వ పక్కన కూర్చుని రామకోటి రాసిన పుణ్యం. ఇంట్లో పెద్దవాళ్ళ గురించి రాయాలనుకునేవాళ్ళకి పనికొస్తుందేమోనని ఈ పని ఎలా సాగిందో చెప్తాను.

మొదట ఫోన్లు చేశాను. ఎవరిని అడిగినా ఒకటే పాట. "అవ్వ మహా భక్తురాలమ్మా. ఎవరొచ్చినా అన్నం పెట్టకుండా పంపేది కాదు." నిజమే, కానీ ఈ మాట ఎవరి అవ్వ గురించైనా చెప్పొచ్చు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నోట్సులో రాయడానికి ఏమీ ఉండేది కాదు. అందుకని "ఆవిడ ఎలాంటిది" అని అడగడం మానేసి, "నువ్వు ఆవిడతో ఎక్కడికి పోయినావు, రైల్లో ఏం తిన్నారు, మీతో ఇంకెవరు వచ్చారు" అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు కదిలింది డొంక. పులిహోర ఎవరు కట్టారో గుర్తొస్తే ఊరు గుర్తొస్తుంది, ఊరు గుర్తొస్తే గొడవలు గుర్తొస్తాయి. ఇంకో సంగతి, ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టి అడగకూడదు. గొంతు పెద్దదైనవాళ్ళ కథే మిగులుతుంది.

తర్వాత తేదీలు. ఆధార్ కార్డులో అవ్వ పుట్టినరోజు 01-01-1940. ఆ తరంవాళ్ళలో చాలామందికి కార్డులో జనవరి ఒకటే ఉంటుంది, అది నమ్మే పని లేదు. ఆవిడ నోట ఎప్పుడూ వచ్చేది "ధాత నామ సంవత్సరం, మాఘ మాసం". ధాత 1936 ఉగాదితో మొదలైంది కదా అని 1936 అనేసుకుంటే తప్పు. మాఘం వచ్చేది ఉగాదికి ముందు నెలల్లో, అంటే అప్పటికి ఇంగ్లీషు ఏడాది మారిపోయి ఉంటుంది. కాబట్టి 1937. ఇలా లెక్కేసేవాళ్ళు పుష్యం, మాఘం, ఫాల్గుణం దగ్గర కాస్త జాగ్రత్త.

కాపురానికి మద్రాసు వచ్చిన సంగతి ఇంకా తేలిక. "శ్రీరాములుగారు అన్నం మానేసి పడుకున్న రోజుల్లో వచ్చినా. మీ తాత వీధిలోకి పోవద్దనేవాడు" అనేది. పొట్టి శ్రీరాములుగారి దీక్ష 1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15న ఆయన ప్రాణంతోనే ముగిసింది. ఆయన పుట్టింది కూడా మా జార్జిటౌన్‌లోనే. అప్పటికి అవ్వకి పదహారు కూడా నిండలేదు.

మిగతా జీవితమంతా ఆవిడకి నదులే క్యాలెండరు. "గోదావరి పుష్కరాలకి ముందు", "కృష్ణ పుష్కరాలు అయినాక". ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను: గోదావరికి 1979, 1991, 2003, 2015, కృష్ణకి ఆ మరుసటేడు, 1980, 1992, 2004, 2016. ఎవరేం చెప్పినా "అది ఏ పుష్కరాలకి దగ్గర" అని అడిగి అందులో ఇరికించేదాన్ని. ఇది బాగా పనిచేసింది. కుటుంబంలో పురుళ్ళు, పెళ్ళిళ్ళు కూడా దీంతోనే తేలిపోయాయి.

అసలు నిధి మాత్రం తాత చిట్టా ఆవర్జాల్లో, అంటే కొట్టు లెక్కల పుస్తకాల్లో దొరికింది. మాది కొత్వాల్ చావిడి దగ్గర చింతపండు, మిరపకాయల కొట్టు. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి తరలిపోయినా కిరాణా కొట్లు అక్కడే ఉండిపోయాయి, మాదీ అంతే. అటక మీద ఎర్ర గుడ్డ అట్టల పుస్తకాలు, ఉగాది ఉగాదికీ ఒకటి. వాటిల్లో ధర్మం ఖాతా అని వేరే ఉంది. గుడికిచ్చింది, సత్రానికిచ్చింది, పేదపిల్ల పెళ్ళికిచ్చింది అందులో రాసేవాళ్ళు. అవ్వ యాత్రల ఖర్చంతా తాత ఆ ఖాతాలోనే రాశాడు.

అందులో ఒక పద్దు చూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఏటా తమిళ నెల పురట్టాసిలో మా చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి తిరుపతి గొడుగులు బయల్దేరతాయి. తిరుమల బ్రహ్మోత్సవాలకి స్వామికి పంపే గొడుగులు అవి. దగ్గర్లోనే ఉన్న యానైకవుని దాటేదాకా వీధులన్నీ జనమే. ఒక ఏడాది అవ్వ "యానైకవుని దాకా పోయొస్తా" అని చెప్పి గొడుగుల వెనకాల నడుచుకుంటూ పోయి, వారం తర్వాత తిరుమల లడ్డూతో ఇంటికొచ్చింది. ఫోన్లు లేని రోజులు. ఇంట్లో అత్తగారు, తోడికోడళ్ళు, పసిపిల్లలు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే "యానైకవుని దాకా పోయినావా" అనడం అలవాటు.

ఈ కథలో తాత ఎప్పుడూ పాపం ఏమీ తెలియని మనిషి. "మీ తాత దిగులుతో అన్నం తినలేదు" అని అత్త ఇప్పటికీ చెప్తుంది. కానీ ఆ నెల ధర్మం ఖాతాలో, గొడుగులు బయల్దేరిన మర్నాటి తేదీతో, తాత చేతిరాతలో ఇలా ఉంది: "తిరువళ్ళూరుకు మనిషిని పంపిన ఖర్చు, చేతికి ఇచ్చినది." అంటే ఆయనకి అంతా తెలుసు. దారిలో డబ్బు కూడా అందించాడు. తల్లి ముందు మాత్రం దిగులుగా కూర్చున్నాడు!

అహోబిలం పద్దు ఇంకోటి. డోలీకని ఇచ్చిన డబ్బు, పది రోజుల తర్వాత "డోలీ డబ్బు వాపసు" అని జమ. ఎందుకు వాపసు వచ్చిందో తెలుసుకోవడానికి చూళైలో ఉన్న అవ్వ స్నేహితురాలి దగ్గరికి పోయాను. ఆవిడకి చూపు తగ్గింది గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. "డోలీయా? మీ అవ్వ జ్వాలా నరసింహుడి దగ్గర ఆగిందనుకున్నావా? చీర కచ్చ పోసి బిగించి ఉగ్రస్తంభం ఎక్కింది. మేమంతా కింద నిలబడి గోవిందా అంటా ఉంటే, పైనుంచి మమ్మల్నే రమ్మని పిలిచింది" అంది. ఉగ్రస్తంభం ఫోటోలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, అది కొండ అంచున నిటారుగా లేచిన రాతి స్తంభం. అవ్వకప్పుడు యాభై దగ్గర పడింది.

ఆ స్నేహితురాలే ఇంకో విషయం చెప్పింది, ఇంట్లో ఎవరికీ తెలియనిది. 1992 ఫిబ్రవరి 18న కుంభకోణంలో పన్నెండేళ్ళకోసారి వచ్చే కోనేటి స్నానాల పండగ మహామహంలో తొక్కిసలాట జరిగి పదుల మంది చనిపోయారు. ఆ రోజు వీళ్ళిద్దరూ ఆ కోనేటి దగ్గరే ఉన్నారట. అవ్వ ఒక చేత్తో ఈవిడ కొంగు తన కొంగుకి ముడేసుకుని, ఇంకో చేత్తో ఎవరో తెలియని పిల్లని ఎత్తుకుని సందులోకి లాక్కొచ్చిందట. పిల్లని తల్లికి అప్పజెప్పి, అరుగు మీద కూర్చుని, "ఇంట్లో చెప్పొద్దు, మళ్ళీ ఎక్కడికీ పోనియ్యరు" అని మాట తీసుకుందట. తాత పద్దులో మాత్రం "కుంభకోణం స్నానం" అని, అంతే. 2004 మహామహానికి ఆవిడ మళ్ళీ పోయింది. ఆ తడవ స్టేషన్‌లో దింపింది మా నాయనే.

కేదారం గురించి దొరికింది తక్కువ. గౌరీకుండ్ నుంచి 14 కిలోమీటర్ల దారి గుర్రం ఎక్కకుండా నడిచిందని తెలుసు. 2013 జూన్ వరదల్లో ఆ దారిలోని రాంబాడా ఆనవాలు లేకుండా కొట్టుకుపోయిందని టీవీలో చూపిస్తుంటే, అక్కడ తను టీ తాగిన కొట్టు గురించి చెప్పి ఆ రోజంతా జపమాల వదల్లేదు. మిగతా యాత్రల్ని పుస్తకంలో ఒక్కో వాక్యంతో దాటేశాను.

నేను పక్కనుండి చూసింది ఒక్కటే, కంచి అత్తి వరదర్. నలభై ఏళ్ళకోసారి అనంత సరస్సులోంచి బయటికొచ్చే స్వామిని ఆవిడ 1979లో చూసింది, 2019లో మళ్ళీ చూస్తానంది. స్వామి పడుకుని ఉండే శయన సేవ చూసొచ్చాక, ఆగస్టులో స్వామి నిలబడ్డాడని తెలిసి మళ్ళీ తీసుకుపొమ్మని పట్టు. వీల్‌చైర్ తోసుకుంటూ వస్తుంటే "మళ్ళీ ఎప్పుడంట?" అని అడిగింది. 2059 అన్నాను. కాసేపు లెక్కేసి, "నాకు కుదరదులే మే, నువ్వు వచ్చి చూసుకో" అంది.

ఇవన్నీ కలిపి రాసి అత్తకి చదివి వినిపిస్తే గొడవైంది. "అవ్వకి దేవుడి మీద ఎంత ప్రేమో, దారి మీద అంత ప్రేమ" అని ఒక వాక్యం రాశాను. "మా అమ్మ షికార్లకి పోయిందనుకున్నావా?" అని అత్త కళ్ళెర్రజేసింది. ఏకాదశి ఉపవాసం, తెల్లారుజామున దీపం, చివరి నెలల్లో చెయ్యి వణుకుతున్నా ఆపని రామకోటి, అన్నీ ఏకరువు పెట్టింది. అవి నేనూ కాదనను, ఆ దీపం వెలుగులో పడుకున్నదాన్నే. కానీ ఆ ఉమ్మడి కుటుంబంలో మెరీనా బీచికి పోతానంటే పది ప్రశ్నలు అడిగేవాళ్ళు, కాశీకి పోతానంటే కాళ్ళకి దణ్ణం పెట్టి సాగనంపేవాళ్ళు. ఆ సంగతి అవ్వకి బాగా తెలుసు, తాతకి ఇంకా బాగా తెలుసు. ఖర్చు ధర్మం ఖాతాలో రాస్తే ఏ అన్నదమ్ముడు అడుగుతాడు? వాక్యం తియ్యలేదు. దాని కిందే అత్త చెప్పిందంతా ఆవిడ మాటల్లోనే వేశాను.

అచ్చు వేయించడం వేరే అవస్థ. 1854లో వావిళ్ల వారి ప్రెస్సు మొదలైన ఊళ్ళో ఇప్పుడు తెలుగు దిద్దేవాళ్ళని వెతుక్కోవాలి. నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసింది ప్రెస్సువాళ్ళ అను ఫాంట్లలోకి మార్చేసరికి ఒత్తులన్నీ చెదిరిపోయాయి. ప్రూఫు తెరమీద కాకుండా కాగితం మీద, పైకి చదువుతూ దిద్దితే తప్పులు దొరికాయి. తెలుగు చదవడం రాని పిల్లల కోసం నా గొంతుతోనే చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాను. నిజం చెప్పాలంటే పుస్తకం కన్నా అదే ఎక్కువ తిరిగింది.

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక అందరూ తిరువళ్ళూరు పద్దు ఫోటో ఉన్న పేజీ దగ్గరే ఆగిపోయారు. అత్త మాత్రం నాతో మాట్లాడకుండా ఇంకో నాలుగు కాపీలు సంచిలో వేసుకుంది. రాత్రి ఫోన్ చేసి, "గయ సంగతి ఒక్క లైనులో తేల్చేసినావే. నేను కూడా పోయినా కదా, నన్నడగాలని తోచలేదా" అంది. వచ్చే ఆదివారం పెరంబూరు పోతున్నాను, రాసుకోవడానికి.