మాయ కిందికి ఉందన్నాక సర్దుకున్న సంచి

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) కిందికి ఉందని వచ్చింది. డాక్టరమ్మ కంగారు పడలేదు. ఆ నెలలో చాలామందికి అలాగే కనిపిస్తుందనీ, గర్భసంచి పెరిగేకొద్దీ ఎక్కువమందికి మాయ పైకి జరిగిపోతుందనీ, ఎనిమిదో నెలలో మళ్లీ చూద్దామనీ అన్నారు. నాకు జరగలేదు. ముప్పై వారాలు దాటాక ఒక తెల్లవారుజామున నొప్పీ గిప్పీ ఏమీ లేకుండా ఎర్రటి రక్తం కనిపించింది. మాయ గర్భసంచి ముఖద్వారాన్ని పూర్తిగా మూసేసి ఉంది. ఆసుపత్రిలో ఉంచుకుని, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, రక్తం ఆగాక ఇంటికి పంపించారు. మామూలు కాన్పు కుదరదు, 37వ వారంలో ఆపరేషన్ చేస్తామన్నారు. అప్పటిదాకా ప్రయాణాలు వద్దు, ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండాలి, మళ్లీ బ్లీడింగ్ అయితే ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకుండా సంచి పట్టుకుని వచ్చేయాలి అని గట్టిగా చెప్పారు.

మా పుట్టిల్లు ఏలూరు దగ్గర పల్లెటూరు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని అమ్మకి ఎంతో ఆశ. కానీ ఆసుపత్రి విజయవాడలో. అందుకని అమ్మే సామానుతో సహా విజయవాడలో మా పిన్ని ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తలుపు పక్కన నా సంచి సిద్ధంగా ఉండేది.

కాన్పు సంచి అంటే ఇంట్లో అందరి ధ్యాసా బిడ్డ మీదే ఉంటుంది. అమ్మ తెచ్చిన మూటలో నాన్న పాత నేత పంచెలు ఉన్నాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ. వాటిని వేడినీళ్లలో ఉడికించి, ఎర్రటి ఎండలో ఆరేసి, అంచులు తీసేసి, చతురస్రంగా చింపి పొత్తిగుడ్డలు చేసింది. కత్తెర పెడితే దారాలు లేచి బిడ్డ వేళ్లకి చుట్టుకుంటాయని చేత్తోనే చింపింది. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదన్నది మా ఇంట్లో పట్టింపు. పాత పంచె కన్నా మెత్తనిది ఏ దుకాణంలోనూ దొరకదని నాకూ అనిపించింది కాబట్టి ఆ పట్టింపుతో పేచీ రాలేదు. టోపీ, మేజోళ్లు మాత్రం పిన్ని కూతురు బిడ్డవి ఉతికి పెట్టుకున్నాం. 37 వారాలకే పుట్టే బిడ్డ ఒళ్లు తొందరగా చల్లబడుతుంది, తల కప్పి ఉంచాలని సిస్టర్ ముందే చెప్పింది.

మరి తల్లికి ఏం కావాలి? ఈ ప్రశ్న నాకు ముందుగా వేసింది మా పెద్దమ్మ కూతురు. తనకి రెండూ సిజేరియన్లే. ఫోన్‌లో ఒకటే మాట అంది: "నువ్వు వంగలేవు, లేవలేవు, దగ్గలేవు. ఆ మనిషికి ఏం కావాలో ఆలోచించి సర్దుకోవే." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఇంతమందిమి పొత్తికడుపు మీద కోతతో ఇంటికి వస్తున్నప్పుడు, ఆ కోత గురించి సంచి సర్దేటప్పుడే మాట్లాడుకోవాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

కోత ఎక్కడ పడుతుందో ముందు చూసుకోండి. పొత్తికడుపు కింద అడ్డంగా పడుతుంది. మామూలు లోదుస్తుల ఎలాస్టిక్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. అందుకని బొడ్డు పైదాకా వచ్చేవి, నా కొలత కన్నా రెండు సైజులు పెద్దవి, కాటన్‌వి కొన్నాను. చీర కడితే లంగా బొందు ఎక్కడ బిగిసినా ఇబ్బందే. ఇంటికి వెళ్లేటప్పుడు చీరలోనే వెళ్లాలని అత్తయ్యకి ఉండేది. బొందు కుట్లకి దగ్గరగా ఒత్తుకుంటుందని వివరంగా చెప్తే ఆవిడే ముందు జిప్ ఉన్న వదులు నైటీలు కుట్టించి పంపింది, ముదురు రంగుల్లో. సిజేరియన్ అయినా రక్తస్రావం మామూలు కాన్పులాగే కొన్ని వారాలు ఉంటుంది. పెద్ద ప్యాడ్లు దండిగా పెట్టుకోవాలి. ఈ సంగతి తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు.

తర్వాత, పడుకుని ఉండగానే నీళ్లు తాగడానికి వంపు తిరిగే స్ట్రాలు. పెదాలకి రాసుకునే వెన్న లాంటి క్రీము, ఎందుకంటే ఆపరేషన్ రోజు నోరు, పెదాలు ఎండిపోతాయి. జారని చెప్పులు, వంగకుండా కాలు దూర్చేలా ఉండేవి. పొడుగు వైరున్న ఛార్జర్. ఒక చిన్న గట్టి దిండు. ఈ దిండు ఎందుకో అప్పుడు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. దగ్గు, తుమ్ము, నవ్వు ఏది వచ్చినా దాన్ని కోత మీద అదిమి పట్టుకోవాలి. లేకపోతే కుట్లు ఊడి వస్తున్నాయేమో అన్నంత నొప్పి.

కాగితాలు వేరే కవర్లో పెట్టి మావారి చేతికి ఇచ్చాను: స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు, తల్లీబిడ్డల కార్డు, ఇద్దరి ఆధార్ నకళ్లు, ఇన్సూరెన్స్ కార్డు. బిడ్డ పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా తల్లీబిడ్డల కార్డులోనే రాస్తారు. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి కాబట్టి అమ్మానాన్నల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించుకోవాలి. మాయ కిందికి ఉన్నవాళ్లకి ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోవచ్చు. అందుకని నా గ్రూపుకి సరిపోయే రక్తం ముందే సిద్ధం చేయించారు. రక్తం ఇవ్వడానికి మా మరిది, వాళ్ల స్నేహితులు వచ్చారు. ఎవరికి ఏ వేళ ఫోన్ చేయాలో ఆ జాబితా కూడా కవర్లోనే ఉంది.

థియేటర్‌లోకి పంపే బిడ్డ బట్టలు చిన్న సంచిలో విడిగా పెట్టుకోండి. పెద్ద సంచిలో అడుగున ఉన్న టోపీ కోసం ఆ సమయంలో ఎవరూ వెతకలేరు.

ముహూర్తం సంగతి ఒక మాట. డాక్టరమ్మ ఇచ్చిన రోజులోనే ఒక మంచి ఘడియ దొరికిందని అత్తయ్య సంతోషించింది. రోజు మార్చమని ఎవరూ అడగలేదు, అందుకు ఆవిడకి నేను రుణపడి ఉన్నాను.

ముందు రోజు సాయంత్రం నగలన్నీ తీసేయమన్నారు. రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారట, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. గోళ్ల రంగు కూడా తీసేయాలి, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు సరిగ్గా చూపించదు. మంగళసూత్రం బదులు అమ్మ పసుపుకొమ్ము కట్టిన తాడు వేసింది. చేతులు నీరు పట్టి ఉండటంతో సీమంతం గాజులు రాలేదు. పురుడు పోసుకునేదాకా అవి తీయకూడదంటారు. అత్తయ్య ఏమంటుందో అనుకుంటుంటే ఆవిడే కొబ్బరినూనె, సబ్బు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఒక్కొక్క గాజూ మణికట్టు దగ్గర నెమ్మదిగా తిప్పుతూ, ఒక్కటీ చిట్లకుండా తీసి తన కొంగులో మూటకట్టుకుంది. "బిడ్డతో బయటికి రా అమ్మాయ్, నేనే మళ్లీ వేస్తా" అంది.

వెన్నులో ఇచ్చే మత్తు సూదికి నేను బాగా భయపడ్డాను. వీపు వంచి దిండు కావలించుకుని కూర్చోమన్నారు. చిన్న సూది గుచ్చినట్టు, తర్వాత కాళ్లలోకి వెచ్చగా ఏదో దిగినట్టు అనిపించింది, అంతే. నొప్పి తెలియదు గానీ లాగడం, కదపడం తెలుస్తాయి. పాప ఏడుపు వినిపించింది. 2.6 కిలోలు. ఆ వెంటనే నాకు ఒళ్లంతా వణుకు పట్టుకుంది. పళ్లు టకటకమన్నాయి. ఈ మత్తు ఇచ్చినప్పుడు ఇలా వణకడం మామూలేనని మత్తు డాక్టరు చెప్తూనే ఉన్నారు. ముందే తెలిసుంటే అంత టెన్షన్ ఉండేది కాదు. అందుకే మీకు చెప్తున్నాను.

పాపకి ఊపిరి కాస్త వేగంగా ఉందని ఆ రాత్రి పిల్లల ఐసీయూలో ఉంచారు. నేను ఒక అంతస్తులో, తను ఇంకో అంతస్తులో. యూరిన్ పైపు, సెలైన్, కదలని కాళ్లు. ఆ రాత్రి మావారు పంపిన ఫొటోలే నాకు ఆధారం. పొడుగు వైరు ఛార్జర్ విలువ అప్పుడు తెలిసింది. సిస్టర్ వచ్చి ముర్రుపాలు చేత్తో పిండి చిన్న గిన్నెలోకి పట్టింది. చెంచాడు కూడా లేవు. నాకు ఏడుపొచ్చింది. "మొదటి రోజు బిడ్డ పొట్టకి ఇవే చాలమ్మా, ఒక్క బొట్టు కూడా పారేయకూడదు" అని దాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి తీసుకెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం పాపని నా గుండెల మీద పడుకోబెట్టారు.

మొదటిసారి లేవడం గురించి చెప్పాలి. తిన్నగా లేవకండి. మోకాళ్లు మడిచి, పక్కకి ఒత్తిగిలి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేత్తో నొక్కుతూ లేవాలి. తల తిరుగుతుంది, ఎవరైనా పక్కన ఉండాలి. నొప్పిగా ఉన్నా నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, కడుపులో గ్యాస్ కదలడానికి ఆ నడకే మందు. గ్యాస్ నొప్పి భుజం దాకా పాకితే గుండెనొప్పేమోనని భయపడ్డాను, రెండు చక్కర్లు వరండాలో తిరిగాక తగ్గింది.

ఇంటికి వచ్చాక నీళ్ల దగ్గర గొడవ. బాలింతకి నీళ్లు ఎక్కువ ఇస్తే ఒళ్లు నీరు పడుతుందని, కుట్లు చీము పడతాయని పిన్ని నమ్మకం. డాక్టరమ్మ మాత్రం దాహమైనంత తాగమన్నారు, లేకపోతే మలబద్ధకం వచ్చి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. అమ్మ మధ్యేమార్గం చూసింది. వాము వేసి కాచిన నీళ్లు ఫ్లాస్కు నిండా పోసి నా పక్కన పెట్టేది. పిన్నికి కాచిన నీళ్లయితే అభ్యంతరం లేదు.

అయినా ఒక వారం తర్వాత కోత ఒక చివర చెమ్మగా అనిపించింది. అద్దం పెట్టి చూస్తే అంచు ఎర్రగా ఉంది. పథ్యం తప్పడం వల్లేనని ఇంట్లో చర్చ మొదలవుతుండగానే మావారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ రాసి, రోజూ డ్రెస్సింగ్ చేయించుకోమన్నారు, మానిపోయింది. కోత దగ్గర ఎరుపు, వాసన వచ్చే స్రావం, జ్వరం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, గంటలోపే ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, వీటిలో ఏది కనిపించినా పథ్యాల చర్చ పక్కన పెట్టి వెంటనే వెళ్లండి.

ఆరు వారాల చెకప్‌లో డాక్టరమ్మ కోత చూసి బాగుందన్నారు. ఇంకో బిడ్డ అనుకుంటే తగినంత వ్యవధి ఇమ్మని, ఆ గర్భంలో స్కాన్ చేసేవాళ్లకి ఈ సిజేరియన్ గురించి, మాయ గురించి మొదటే చెప్పమని అన్నారు. పాత కోత మచ్చ మీద మాయ అతుక్కునే ప్రమాదం ఉంటుందట, అది ముందే కనిపెట్టాలి. డిశ్చార్జ్ కాగితం పోతే ఆ వివరాలన్నీ పోతాయి. అందుకే దాన్ని ఫొటో తీసి మావారి ఫోన్‌లో, నా ఫోన్‌లో పెట్టుకున్నాం, అసలు కాగితం ఇంటి పత్రాలతో పాటు బీరువాలో ఉంది.