సిల్వర్‌టన్‌లో తేడా కొమ్మలు

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ వైపు పిల్లలు స్థిరపడిన తల్లిదండ్రులందరికీ తెలిసిన రూట్లే ఇవి. మల్ట్‌నోమా జలపాతం, కేనన్ బీచ్, వుడ్‌బర్న్ ఔట్‌లెట్స్, ఏప్రిల్‌లో వస్తే తులిప్ తోట. నేను వెళ్ళింది మే చివర్లో, తులిప్‌లు అయిపోయాయి, మిగతావన్నీ చూపించేశారు, వాటి ఫొటోలు మీ ఫోన్లలోనూ ఉండే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. కడియంలో నర్సరీ పెట్టుకుని బతికినవాణ్ణి, అమెరికా వచ్చి ఔట్‌లెట్లో బూట్లు చూసేదేంటని రోజూ సణుగుతుంటే, ఆ పోరు పడలేక అల్లుడు ఒక శనివారం సిల్వర్‌టన్ ఊళ్ళోని ఆరెగాన్ గార్డెన్‌కి తీసుకెళ్ళాడు. వుడ్‌బర్న్ దగ్గర ఐ-5 హైవే దిగి, 214 నంబరు రోడ్డు మీద మౌంట్ ఏంజెల్ మీదుగా. దారి పొడవునా నర్సరీలే. ఈ రాష్ట్రంలో వ్యవసాయం మీద వచ్చే డబ్బులో మొదటి స్థానం మా కులవృత్తిదేనట, అది విన్నాక కాస్త చల్లబడ్డాను.

మధ్యలో ఒక నర్సరీ దగ్గర ఆగి ధరలు చూశాక మళ్ళీ వేడెక్కాను. జానెడు మొక్క, గాలన్ కుండీ, అరవై డాలర్లు. "మామయ్యగారూ, రూపాయల్లోకి మార్చకండి" అన్నాడు అల్లుడు. మార్చకుండా ఎలా? ఆ డబ్బుకి మా కడియపులంకలో ఆటో నిండా మొక్కలు ఎక్కిస్తారు.

ఆరెగాన్ గార్డెన్‌లో పొట్టి కోనిఫర్లకి, అంటే శంకువుల్లాంటి కాయలు కాసే చెట్లకి, విడిగా ఒక తోట ఉంది. స్ప్రూస్, ఫర్, పైన్, హినోకి సైప్రస్, అడవిలో వంద అడుగులు పోయే జాతులన్నీ అక్కడ మోకాలెత్తులో, బంతుల్లా, దిళ్ళలా కూర్చుని ఉన్నాయి. అమ్మాయీ మనవడూ ఫొటోల్లో పడ్డారు. నేను ఒక స్ప్రూస్ ముందు ఆగిపోయాను. చక్కగా శంకువులా, గడ్డం దువ్వినట్టు సన్నటి సూదులతో ఉన్న మొక్క, దాని పక్కనుంచి ఒక్క కొమ్మ మాత్రం మొరటుగా బయటికి పొడుచుకొచ్చింది. సూదులు పొడుగు, కణుపుల మధ్య దూరం రెండింతలు. చెయ్యి జేబులోకి పోయింది, కత్తెర కోసం. అంతలో వెనకనుంచి "కోసెయ్యాలి కదా?" అని ఒక ముసలాయన. ఆ తోటలో వాలంటీరు, రిటైరైన నర్సరీ మనిషి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకి తెలుగు రాదు, కానీ ఇద్దరం చూస్తున్నది ఆ కొమ్మనే. మిగతాది అల్లుడు చెప్పాడు.

ఆ మొక్క పేరు కోనికా, డ్వార్ఫ్ ఆల్బెర్టా స్ప్రూస్. క్రిస్మస్‌కి ఇక్కడ ప్రతి షాపు ముందూ అమ్ముతారు. 1904లో కెనడాలో లగ్గన్ అనే స్టేషన్ దగ్గర, ఇప్పటి లేక్ లూయీస్, బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బోరేటం అనే చెట్ల తోటలో పనిచేసే రేడర్, జాక్ అనే ఇద్దరికి దొరికిందది. రైలు కోసం ఎదురుచూస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే కనబడిందని చెప్పుకుంటారు. మనం ప్లాట్‌ఫారం మీద పల్లీలు తింటాం. దాన్నే కొమ్మలు నాటి నాటి ప్రపంచమంతా పంచారు. ఆ పొట్టితనం మ్యుటేషన్, అంటే జన్యువులో వచ్చిన మార్పు, కాబట్టి అప్పుడప్పుడూ ఒక మొగ్గ పాత బుద్ధికి తిరిగిపోతుంది. వదిలేస్తే నాలుగేళ్ళలో ఆ మొరటు కొమ్మే మొక్కని మింగేస్తుంది. మాకు వేరిగేటెడ్ (రెండు రంగుల ఆకుల) ఫైకస్‌లో పచ్చ కొమ్మ వస్తే ఇదే గొడవ.

అదే కోనికా మీద ఇంకో రకం తేడా కొమ్మ వస్తే పండగ. జీన్స్ డిల్లీ అనే రకం అలా దొరికిందే, బోరింగ్ అనే ఊళ్ళో ఐసెలీ నర్సరీలో. ఇంకా సన్నటి సూదులు, కొసలు మెలి తిరిగి. రెయిన్‌బోస్ ఎండ్ అనే రకానికి రెండోసారి వేసే చిగురు పసుపు. అన్నీ ఎవడో ఒకడు వరసల మధ్య నడుస్తూ కళ్ళు తెరిచి ఉంచడం వల్ల వచ్చినవే.

ఇంతలో ఫుడ్ కోర్టు మూసేస్తారని అమ్మాయి ఫోను. ముసలాయన ఇల్లు అక్కడికి పది నిమిషాలు, వస్తారా అన్నాడు. అల్లుడి మొహం చూడలేదు.

పెరట్లో నీడవల కింద వరసలు. ప్రతి కుండీకి అల్యూమినియం రేకు, పెన్సిల్‌తో ఏడాదికి ఎన్ని అంగుళాలు పెరిగిందో రాసి ఉంది. అంగుళంలోపు అయితే మినియేచర్, ఒకటి నుంచి ఆరు అయితే డ్వార్ఫ్, పన్నెండు దాకా మధ్యరకం, ఆ పైన మామూలు చెట్టు. ఒక రేకు మీద 1, 1, ఒకటింపావు, తర్వాత ఒక్కసారిగా 7. కొట్టేసి ఉంది. "దీని మీద ఆరేళ్ళు పెట్టాను" అన్నాడు, ఆవలిస్తూ.

ఎక్కువ భాగం మంత్రగత్తె చీపుర్లనే గుబుర్ల నుంచి తెచ్చినవి. అడవిలో పెద్ద చెట్టు మీద ఎక్కడో పక్షిగూడులా ఒక కొమ్మ గుబురెక్కి ఉంటుంది. కానీ అన్నీ మ్యుటేషన్లు కావు. చుట్టుపక్కల చెట్లన్నిటికీ గుబుర్లుంటే అది డ్వార్ఫ్ మిసిల్‌టో అనే బదనిక పనో, తుప్పు తెగులో అయ్యుంటుంది, దండగ. వందల చెట్ల మధ్య ఒక్కదానికే, ఒక్కటే ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. పార్కుల్లో ముట్టుకోకూడదు, సొంత అడవి ఉన్నవాళ్ళని అడిగి, చలికాలంలో మొగ్గ నిద్రలో ఉండగా పొడుగు కర్ర రంపంతో కోస్తారు. అందకపోతే తుపాకీతో కొమ్మ పడగొట్టేవాళ్ళూ ఉన్నారట. ఆ పుల్లల్ని వేరుమొక్కకి, అంటే అడుగున వేళ్ళిచ్చే మొక్కకి, పక్క అంటు కడతారు, మనం కట్టినట్టే, ప్లాస్టిక్ బదులు రబ్బరు చుట్ట.

తర్వాతది మాత్రం మన దగ్గర లేదు. ఆయన చూస్తూ కూర్చుంటాడు. మొదటి రెండు మూడేళ్ళు వేరుమొక్క ఊపు మీద పెరుగుతుంది, ఆ లెక్క నమ్మకూడదు. పక్క కొమ్మ నుంచి తీసిన అంటు నేలబారుగా పాకితే కొత్త పాకే రకం అని ఎగరకూడదు, అది పక్క కొమ్మ అలవాటు, అంతే. (మా క్రిస్మస్ చెట్టు అరకేరియాలో పక్క కొమ్మ నాటితే ఎప్పటికీ పడుకునే ఉంటుంది, అది చెప్పగానే ఆయన నా భుజం చరిచాడు.) తెలుపు, పసుపు వచ్చినవి ఆగస్టు ఎండకి మాడతాయా అని వలలోంచి తీసి బయట పెడతాడు. పూర్తి తెల్ల కొమ్మ అంటు బతకదు, పచ్చ ఎక్కువున్నది మళ్ళీ పచ్చబడిపోతుంది, కలిసున్న చోటే కొయ్యాలి. పదేళ్ళు అలాగే నిలబడితే, ఉన్న రకాలకంటే నిజంగా తేడాగా ఉంటే, అప్పుడు పేరు. మిగతావి కంపోస్టు గుట్ట మీదకి. ఆ గుట్ట చూపించాడు, చాలా పెద్దది, అందులో నాకు బాగానే కనబడిన మొక్కలు ఉన్నాయి.

మా దగ్గర రెండో ఏడు కుండీ మీద ఏదో హీరోయిన్ పేరు రాసి హైదరాబాద్ లోడుకి ఎక్కించేస్తాం. ఆయన పద్ధతి చూసి ఒళ్ళు మండింది కూడా, ఎందుకంటే ఆయనకి పెన్షన్ ఉంది, స్థలం సొంతం, మాకు కౌలు. పదేళ్ళు ఒక కుండీకి నీళ్ళు పోస్తూ అమ్మకుండా కూర్చునేవాడు మా లంకల్లో ఎవడున్నాడు? అయినా ఆ 7 అంకె ఉన్న రేకు కళ్ళలోంచి పోలేదు. అది మూడో ఏడే అమ్మేసి ఉంటే, ఎవరి ఇంటి గుమ్మం పక్కనో ఇప్పుడు కిటికీని కప్పేసేది.

బుల్లి హినోకి ఒకటి, పచ్చటి పొలుసుల మధ్య మీగడ చుక్కలతో, నచ్చి ధర అడిగాను. "ఎనిమిదో ఏడు. ఇంకా అమ్మను." అరవై డాలర్లకీ ఇవ్వడు.

తిరిగొస్తూ నా మూడ్ చూసి అల్లుడు ఒక షాపులో కోనికా కొని ఒళ్ళో పెట్టాడు. కారులోనే బిల్లు కాగితం వెనకవైపు కింద పట్టుకుని కొమ్మ తట్టాను. చుక్కలు పడ్డాయి, నడుస్తున్నాయి. ఎర్ర నల్లి. బండి వెనక్కి తిప్పించి, అదే కాగితం చూపించి డబ్బులు వెనక్కి తీసుకున్నాం. మారుమాటాడకుండా ఇచ్చారు, ఈ ఒక్కదానికీ అమెరికాని మెచ్చుకోవాలి.